బొంబాయి అంగళ్ల వెలుగు బోర్డులు

పొట్ట చేతబట్టుకొని ఈ నగరమునకు వచ్చిన మనవారిలో ఎందరో నేడు స్వంత అంగళ్లు పెట్టుకొని నలుగురికి పని కల్పించు స్థితికి వచ్చినారు. మొదట రంగుతో వ్రాయించిన బోర్డు, వ్యాపారము నిలద్రొక్కుకొన్న పిదప దీపముల బోర్డు కట్టుట సర్వసాధారణము. అయితే ఈ రెండింటిని చట్టము ఒకే దృష్టితో చూడదని మనలో చాలమందికి తెలియదు. రంగు బోర్డుకు అక్కరలేని అనుమతి వెలుగు బోర్డుకు కావలెను. ఈ భేదమునకు వెనుకనున్న చరిత్రను పాఠకులకు మనవి చేయదలచినాము.

బొంబాయి వీథులలో గ్యాసు దీపములు 1865లో వెలిగినవి. విద్యుద్దీపము వచ్చినది 1882లో, క్రాఫర్డ్ మార్కెట్టునకు. కాని దానిని అమర్చిన కంపెనీ మరుసటి సంవత్సరమే మూతపడుటచే మార్కెట్టు మరల గ్యాసు వెలుతురునే ఆశ్రయించినది. 1905లో మరియొక కంపెనీ ఏర్పడి, 1907 మే 7వ తేదీన విద్యుత్ ట్రాము నడిపినది. 1915లో ఖోపోలీ నుండి టాటావారి జలవిద్యుత్తు నగరమునకు చేరినది. 1947 ఆగస్టు 7న ట్రాములను, విద్యుత్ సరఫరాను మునిసిపల్ కార్పొరేషను స్వాధీనము చేసుకొన్నది. ఈ నగర నిర్మాణములో రాళ్లు మోసి, గోడలు లేపిన కూలీలలో మన తెలుగు కామాఠీలు అనేకులు. కామాఠీపురమునకు ఆ పేరు వారి మూలముననే వచ్చినది. గోడలు కట్టినవారి వంశములవారు ఆ గోడలపై తమ పేరు వ్రాసికొను కాలము తరువాత వచ్చినది.

ఇక బోర్డుల సంగతి. పందొమ్మిదవ శతాబ్దము చివర లండనులో వర్తకులు మేడలపై ఇనుప చట్రములు నిలిపి, వాటికి పెద్దపెద్ద అక్షరములు కట్టసాగినారు. క్రింది నుండి చూచువారికి ఆ అక్షరములు ఆకాశములో నిలిచినట్లు కనబడెడివి. గాలికి విరిగి పడునను భయము ఒకటి, ఊరి రూపు చెడుచున్నదను బాధ ఒకటి కలిసి, 1891లో వాటిని అరికట్టుటకు అక్కడ ప్రత్యేక చట్టము వచ్చినది. అటు తరువాత 1910లో జార్జి క్లాడ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పారిస్ మోటారు ప్రదర్శనలో నియాన్ దీపమును చూపినాడు. గాజు గొట్టములో నియాన్ వాయువును నింపి వేల వోల్టుల విద్యుత్తును పంపగా ఎఱ్ఱని వెలుగు వచ్చును. గొట్టమును ఎట్లు వంచిన అట్టి అక్షరము ఏర్పడును. అంతటితో బోర్డునకు రాత్రి అను అడ్డు తొలగినది.

మన నగరమునకు ఆధారము 1888 నాటి బొంబాయి మునిసిపల్ చట్టము. కాలక్రమమున చేరిన సవరణలతో, దాని 328వ సెక్షను ఆకాశము నేపథ్యముగా కనబడు బోర్డులను గురించి చెప్పుచున్నది. వాటికి కమిషనరు వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. ఆ అనుమతి ఒక్కసారికి రెండేండ్లకు మించరాదు. 328-ఏ సెక్షను తక్కిన ప్రకటనలకు సంబంధించినది. అందులో ఒక మినహాయింపు కలదు. తన అంగడిలో జరుగు వ్యాపారమును గురించి తన అంగడిపైననే పెట్టుకొను ప్రకటనకు ఈ అనుమతి అక్కరలేదు. కాని అది వెలుగు ప్రకటనయైనచో ఆ మినహాయింపు వర్తించదు.

ఇది వర్తకులను పీడించుటకు పెట్టిన నియమమని కొందరనుకొందురు. ఆలోచించినచో అందులో న్యాయము కనబడును. రంగు బోర్డు వాకిటికి వచ్చినవానితో మాత్రమే మాటాడును. వెలుగు బోర్డు ఎదుటి మేడలో నిద్రించువాని కిటికీలోనికి, బండి తోలువాని కంటిలోనికి పోవును. నియాన్ గొట్టము పోయి తక్కువ వోల్టేజి గల ఎల్.ఇ.డి. దీపములు వచ్చినను తీగ చెడిన ముప్పు ఉండనే ఉన్నది. వెలుగు తీవ్రతయో మరింత పెరిగినది. బరువు మాటయు మరువరాదు. 2024 మే 13న గాలివానకు ఘాట్కోపర్‌లో ఒక మహాప్రకటన ఫలకము పెట్రోలు బంకుపై కూలి 17 మంది ప్రాణములు తీసినది. అది అంగడి బోర్డు కాదు. అయినను దానికి కార్పొరేషను అనుమతి లేదని, 40 అడుగుల పొడవు వెడల్పుల పరిమితికి అది ఎన్నో రెట్లు పెద్దదని అప్పుడు బయటపడినది. అనుమతి కాగితము విలువ ఎంతటిదో ఆ ఘోరము అందరికి తెలియజెప్పినది.

ఇక మనకు మరింత దగ్గరి విషయము బోర్డుపైని భాష. 2022లో మహారాష్ట్ర శాసనసభ దుకాణముల చట్టమును సవరించి, పనివారు పదిమంది కంటె తక్కువగా ఉన్న చిన్న అంగళ్లకు సైతము మరాఠీ బోర్డును నిర్బంధము చేసినది. దేవనాగరి అక్షరములు మొదట ఉండవలెను. తక్కిన లిపుల కంటె చిన్నవి కారాదు. 2023 సెప్టెంబరు 25న సుప్రీంకోర్టు ఇందుకు వర్తకులకు రెండు నెలల గడువిచ్చినది. 2024 ఏప్రిల్‌లో కార్పొరేషను మరొక అడుగు ముందుకు వేసి, మరాఠీ లేని అంగళ్ల ఆస్తి పన్ను రెట్టింపగునని, వెలుగు బోర్డుల లైసెన్సు రద్దగునని ప్రకటించినది. రద్దయిన దానిని తిరిగి పొందుటకు 25,000 మొదలు లక్షన్నర రూపాయల వరకు ఖర్చు కాగలదని కూడ తెలిపినది. చిన్న అంగడికి ఇది మోయరాని భారము.

మరి మన తెలుగు అక్షరములకు చోటు లేదా? ఉన్నది. మరాఠీని మొదట వ్రాయుమన్నదే గాని మరియొక భాషను తుడిచివేయుమని ఆ చట్టము చెప్పలేదు. అకోలా జిల్లా పాతూరు మునిసిపాలిటీ భవనపు బోర్డుపై మరాఠీతో పాటు ఉర్దూ ఉండుటను గురించిన వ్యాజ్యములో, 2025 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు అట్లు అదనముగా వేరొక భాషను వాడుటకు నిషేధము లేదని తేల్చినది. అది ప్రభుత్వ భవనపు బోర్డు విషయమే యైనను, ఒక భాష ప్రక్కన మరొకటి నిలుచుట ఎవరికిని అవమానము కాదను ఆ తీర్పులోని భావము మనకును ధైర్యమిచ్చుచున్నది.

కనుక వ్యాపార సోదరులకు మా విన్నపమిది. దీపము కట్టుటకు ముందే వార్డు కార్యాలయమునకు పోయి అనుమతి పొందుడు. గడువు తీరకముందే దానిని పునరుద్ధరించుకొనుడు. కాగితములను అంగడిలోనే భద్రపరచుడు. అన్నము పెట్టిన నేల భాషను గౌరవముతో పైన నిలిపి, క్రింద కన్నతల్లి భాషలో పేరు వ్రాయించుడు. ఆ తెలుగు అక్షరములను చూచి మన పిల్లలు కూడబలుక్కొని చదువుదురు. బడిలో తెలుగు నేర్వని బిడ్డకు అదియే మొదటి పాఠము కావచ్చును. దొంగచాటుగా వెలిగించిన బోర్డును ఎవరైనను ఒక్క ఫిర్యాదుతో ఆర్పింపగలరు. హక్కుతో వెలిగించిన దానిని అట్లు ఆర్పజాలరు.

మనకు ఉగాది, మన ఇరుగుపొరుగువారికి గుడిపాడ్వా. ఈ నూతన సంవత్సరమున మన అంగళ్ల వాకిళ్లు రెండు భాషలలోను వెలుగొందుగాక అని ఆకాంక్షించుచున్నాము.