బందరు కోట, పెడన ఎరుపు

విజయవాడ నుండి బందరు వెళ్ళినవారు కోట శిథిలాలను, డచ్చివారి సమాధులను చూసి తిరిగివస్తారు. 1611లో ఆంగ్లేయులు గ్లోబ్ నౌకపై వచ్చి ఇక్కడ వర్తకస్థానం నెలకొల్పారన్నది చరిత్ర పుస్తకాల మాట. వారిని రప్పించిన వస్త్రం మాత్రం కోటలో పుట్టినది కాదు, చుట్టుపట్ల పల్లెలది. కనుక పెడన దాకా వెళ్ళనిదే బందరు చూసినట్లు కాదని నా అభిప్రాయం.

పటిక అద్దిన నూలుగుడ్డను చిరివేరుతో కాచితే వచ్చే ఎరుపు ఎన్ని ఉతుకులకూ వెలిసిపోదు. ఐరోపా అద్దకందార్లకు ఆనాటికి ఆ విద్య పట్టుబడలేదు. 1618 నుండి 1622 దాకా ఇక్కడున్న విలియం మెథ్‌వోల్డ్ సైతం ఆ వేరును ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

1864 నవంబరు ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకుంది. అప్పటికే క్షీణిస్తున్న రేవు మరి కోలుకోలేదు. అద్దకం బతికింది. పెడనలో నేటికీ కరక్కాయ నీట తడిపిన గుడ్డపై చెక్క అచ్చులు పడుతున్నాయి. నలుపు కోసం తుప్పు ఇనుమును బెల్లంతో ఊరబెడుతున్నారు. ఎరుపు మాత్రం చాలావరకు కృత్రిమ అలిజరిన్‌దే.