తుంగభద్రాతీరమున ఐదు స్వరములు

ఆదోని ప్రాంతపు కైరుప్పల పేరు చెప్పగనే ఉగాది మరునాటి పిడకల సమరము మనకు స్ఫురించును. ఆదోని ముఖ్యదుర్గముగా నున్న విజయనగర సామ్రాజ్యమున మన సంగీతశాస్త్రమునకు ఒక క్రొత్త కూర్పు ఏర్పడినదని మాత్రము పలువురు తలపరు. శాస్త్రీయ సంగీతమంతయు కావేరీతీరపు సొత్తేయను భావము మన యిండ్లలో బలముగా నున్నది. ఐదు స్వరముల రాగముల చరిత్రను పరిశీలించినచో ఆ భావమును కొంత సవరించుకొనవలసి యుండును.

ఇట్టి రాగమును ఔడవమందురు. ఉడువనగా నక్షత్రము. నక్షత్రములు సంచరించునది ఆకాశము. పంచభూతములలో అది యైదవది. కావున ఈ పేరు ఐదను సంఖ్యను తెలుపునని 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున వివరించెను.

అళియ రామరాయల కోరికపై 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిని రచించి, రాగములను 20 మేళములుగా కూర్చెను. అందొక మేళమునకు హిందోలమని పేరు. నేడును పిల్లలు మొదట నేర్చు పిళ్లారి గీతములను విజయనగరమున నివసించిన పురందరదాసు రచించెనని సంప్రదాయము. వాని రాగమైన మలహరికి ఆరోహణమున ఐదు స్వరములే.

1565లో తళ్ళికోట యుద్ధమున విజయనగరము ఓడెను. 1568లో ఆదోని బిజాపుర సుల్తానుల వశమయ్యెను. అటుపిమ్మట తంజావూరు నాయకుల ఆస్థానము సంగీతమునకును తెనుగు కవిత్వమునకును ఆశ్రయమయ్యెను. అచ్చటనే 17వ శతాబ్దమున వేంకటమఖి, రామామాత్యుని తీవ్రముగా విమర్శించి, 72 మేళములను నిర్ణయించెను. విమర్శించుటకైనను ముందు ఆ గ్రంథమే ఆధారమైనది గదా! తరువాతి కాలమున త్యాగరాజు (1767–1847) మోహనరాగమున "నను పాలింప" కృతిని తెలుగుననే రచించెను.

ఈ మోహనపు స్వరములు స, రి, గ, ప, ద. వీనిని మార్చకయే రిషభమును షడ్జముగా గ్రహించిన మధ్యమావతి, గాంధారమును గ్రహించిన హిందోలము, పంచమమును గ్రహించిన శుద్ధసావేరి, ధైవతమును గ్రహించిన శుద్ధధన్యాసి పలుకును. దీనినే గ్రహభేదమందురు. ఇంట హార్మోనియమున్నవారు వరుసగా నున్న ఐదు నల్లమెట్లను మాత్రము వాయించి, ఒక్కొక్క మెట్టును ఆధారషడ్జముగా నుంచుకొని చూచినచో ఈ ఐదు రాగములును వినవచ్చును.

ఇకమీద రేడియోలో కచేరి చివర మధ్యమావతి వినబడినపుడు, ఈ విద్య కావేరిని చేరుటకు ముందు తుంగభద్రాతీరమున కూడ వర్ధిల్లినదని మన పిల్లలకు చెప్పుదము.