భయానికి పేర్లు పెట్టిన చరిత్ర

మన విమర్శలో ఒక అలవాటు స్థిరపడిపోయింది. నవలలో ఒక పాత్రకి గుండె దడదడలాడినా, నిద్రపట్టక రాత్రంతా దొర్లినా, పదిమందిలో నోరు పెగలక చెమటలు పట్టినా అన్నిటికీ కలిపి 'మధ్యతరగతి ఆందోళన' అని ఒక ముద్ర వేసి విమర్శకుడు ముందుకు సాగిపోతాడు. గోపీచంద్ సీతారామారావు, రావిశాస్త్రి సుబ్బయ్య, నవీన్ 'అంపశయ్య'లోని రవి - ముగ్గుర్నీ ఆ ఒక్క గాటనే కట్టేస్తారు. ఆందోళనకి సామాజిక మూలాలున్నాయనే మాటతో నాకు పేచీ లేదు. మూలం ఒకటే అయినంత మాత్రాన రూపం ఒకటే కాదు. ఆ రూపాల్ని విడదీసి గుర్తించటానికి వైద్యులకి నూరేళ్ళకి పైగా పట్టింది. ఆ పని ఎలా జరిగిందో, అందులో ఎవరి అవసరాలు ఎంతెంత పనిచేశాయో సాహిత్య విద్యార్థి తెలుసుకోవలసిన విషయమే.

నిజానికి యీ సంగతిలో జనం భాష విమర్శకుల భాషకన్నా నిశితంగా వుంది. తల్లి వూరెళ్తే పసిది బెంగపెట్టుకుంటుంది. చీకట్లో దేన్నో చూసి జడుసుకుంటుంది. వేళకి కొడుకు యిల్లు చేరకపోతే ముసలామెకి ఆదుర్దా. యేమీ జరక్కుండానే పొద్దువాలేసరికి లోపల కదిలేది గుబులు. వేదికెక్కినవాడికి కాళ్ళు వణికితే అది సభాకంపం. వీటిలో ఒకదాన్ని తీసి మరొకచోట పెట్టి చూడండి, వాక్యం చెడుతుంది. యెందుకు వచ్చింది, యెప్పుడు వచ్చింది, యెంతసేపు నిలిచింది అనేవి ఆ మాటల్లోనే యిమిడి వున్నాయి. వైద్యశాస్త్రం చిట్టచివరికి అడగటం నేర్చుకున్నవీ యీ ప్రశ్నలే.

మొదట్లో వైద్యుడికి కనిపించింది భయం కాదు, గుండె. అమెరికా అంతర్యుద్ధం (1861-65) కాలంలో ఫిలడెల్ఫియాలోని సైనికాసుపత్రిలో జేకబ్ డకోస్టా అనే వైద్యుడు వందలాది సిపాయిల్ని పరీక్షించాడు. గుండెదడ, ఛాతీలో పోటు, ఆయాసం, కళ్ళు తిరగటం. స్టెతస్కోపు పెట్టి చూస్తే గుండెలో చెప్పుకోదగ్గ రోగం లేదు. 1871లో ప్రకటించిన వ్యాసంలో దానికి ఆయన 'ఇర్రిటబుల్ హార్ట్' అని పేరు పెట్టాడు. కారణాలుగా జ్వరాల్నీ, విరోచనాల్నీ, యెడతెగని కవాతుల్నీ చూపాడు. ఆ రోజుల్లోనే జార్జ్ బియర్డ్ అనే మరో అమెరికన్ 'న్యూరస్థీనియా' అనే మాటని ప్రచారంలోకి తెచ్చాడు. ఆవిరియంత్రం, టెలిగ్రాఫు, పత్రికలు కలిసి నాగరికుడి నరాల్ని పీల్చేస్తున్నాయన్నాడు. బుర్రతో పనిచేసేవాళ్ళ జబ్బన్నమాట. అదే ఆవిరియంత్రం దగ్గర బొగ్గు వేసేవాడి నరాల గురించి ఆయన అంతగా బెంగపడినట్టు కనిపించదు.

యిదే 1871లో బెర్లిన్‌లో కార్ల్ వెస్ట్‌ఫాల్ చేసింది వేరే రకం పని. విశాలమైన కూడలి దాటాలంటే కాళ్ళు కదలని కొద్దిమంది మగ రోగుల్ని ఆయన వర్ణించాడు. పక్కన ఒక మనిషి తోడుంటే వాళ్ళు దాటగలరు. ఆ జబ్బుకి గ్రీకుల సంతబయలు మాటనుంచి 'ఆగోరాఫోబియా' అని పేరు పెట్టాడు. భయం యెంత అని కాక యెక్కడ, యెవరు లేనప్పుడు అని అడిగాడు. రోగనిర్ణయం దారిలో పడింది అక్కడేనని నేననుకుంటాను.

ఫ్రాయిడ్ అనగానే మనవాళ్ళకి కలలూ కామమూ గుర్తొస్తాయి. 1895లో ఆయన రాసిన ఒక వ్యాసం మన విమర్శకుల చేతికి అంతగా తగలలేదు. బియర్డ్ న్యూరస్థీనియా గంపలోంచి ఒక గుత్తిని వేరుచేసి 'ఆంగ్జయిటీ న్యూరోసిస్' అన్నాడు. ఆ వ్యాసంలో యేదో చెడు జరుగుతుందని యెదురుచూసే స్థితి వుంది. వున్నట్టుండి విరుచుకుపడే దాడి వుంది. గుండెదడ, వూపిరాడకపోవటం, చెమట, ఆకలి, విరోచనాలు, అర్ధరాత్రి వులికిపాటు, అన్నీ వున్నాయి. ఆయన చెప్పిన కారణాన్ని తర్వాతివాళ్ళు వదిలేశారు. వర్ణన మాత్రం నిలిచింది. నవలాకారుడు నేర్చుకోవలసింది ఆ వర్ణన నుంచే.

మొదటి ప్రపంచ యుద్ధం దగ్గర కొంచెం ఆగాలి. 1915లో బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మైయర్స్ 'షెల్‌షాక్' అనే మాటని లాన్సెట్ పత్రికలోకి యెక్కించాడు. బాంబు పేలుడు అదురుకి మెదడు కదిలిపోయిందని తొలి వూహ. పేలుడు దరిదాపుల్లో లేనివాళ్ళకీ అదే కంపం వస్తూంటే ఆ వూహ నిలవలేదు. అప్పుడు చూడండి, రోగం పేరు మనిషి హోదాని బట్టి మారింది. మాట పడిపోయినా, కాళ్ళు చచ్చుబడినా అది సిపాయి హిస్టీరియా. పీడకలలు, ఆదుర్దా అయితే అది ఆఫీసరు న్యూరస్థీనియా. స్కాట్లాండులోని క్రెయిగ్‌లాకర్ట్ ఆఫీసర్ల ఆసుపత్రిలో పనిచేసిన డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ యీ తేడాని గమనించి, పెద్దింటి బళ్ళలో భయాన్ని అణచుకోవటం నేర్పుతారు కాబట్టి ఆఫీసరుకి అది మరోలా బయటపడుతుందని వివరించాడు. (యీ రివర్స్, నీలగిరి తోడాల మధ్య తిరిగి 1906లో వారిపై పెద్ద గ్రంథం అచ్చువేసిన రివర్స్ ఒకరే.) చదువు భయం రూపాన్ని మారుస్తుందన్న పరిశీలన గట్టిది. చికిత్స అందుబాటుని హోదా మార్చిందన్నదీ అంతే గట్టిది.

1917లో కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్ యుద్ధాన్ని కావాలని సాగదీస్తున్నారంటూ బహిరంగ ప్రకటన చేశాడు. కోర్టుమార్షల్ పెడితే గోల. అందుకని షెల్‌షాక్ అని చెప్పి రివర్స్ దగ్గరికే పంపారు. అసమ్మతిని జబ్బుగా మార్చటానికి యింతకన్నా సూటి వుదాహరణ సాహిత్య చరిత్రలో అరుదు. పేరూ, పలుకుబడీ లేనివాళ్ళ కథ వేరు. పారిపోవటం, పిరికితనం వంటి నేరాలకి ఆ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన 306 మందికి క్షమాపణ దక్కింది 2006లో. వాళ్ళలో యెందరు జబ్బుమనుషులో లెక్కతేల్చే దారిప్పుడు లేదు.

తర్వాతి మలుపు తిప్పింది నర్సులు. 1959 ప్రాంతంలో న్యూయార్క్ హిల్‌సైడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ క్లైన్ కొత్త మందు ఇమిప్రమీన్ ప్రయోగించాడు. చచ్చిపోతున్నానంటూ రోజుకి పలుసార్లు నర్సుల గదికి పరుగెత్తే రోగులు వుండేవారు. కొన్ని వారాలకి, మందు పనిచేయలేదని రోగీ, చికిత్సకుడూ అంటూండగా, పరుగులు ఆగాయని వార్డులోవాళ్ళు గమనించారు. దాడి ఆగింది, మళ్ళీ వస్తుందేమోనన్న బెదురు మిగిలింది. అంటే అవి రెండు వేర్వేరు వస్తువులు. 1964లో క్లైన్ దాన్ని సిద్ధాంతీకరించాడు. 1966లో లండన్‌లో మార్క్స్, గెల్డర్ భయాల్ని మొదలయ్యే వయసుని బట్టి విడదీశారు. జంతువుల భయం పసితనంలో, జనం ముందు భయం యెదిగే వయసులో, కూడలి భయం అంతకంటె పై వయసులో.

యీ తీగలన్నీ 1980లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం మూడో కూర్పులో కలిశాయి. ఫ్రాయిడ్ న్యూరోసిస్ రెండుగా చీలింది. దాడిగా వచ్చేది పానిక్ డిజార్డర్. యెడతెగని చింతగా వుండేది జనరలైజ్డ్ ఆంగ్జయిటీ. సోషల్ ఫోబియాకి వేరే గది యిచ్చారు. పోస్ట్ ట్రామటిక్ స్ట్రెస్ డిజార్డర్ అందులో చేరటం వెనక, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన మాజీ సైనికులూ వాళ్ళతో కూర్చుని విన్న వైద్యులూ దాదాపు పదేళ్ళు చేసిన పోరాటం వుంది. ఆ పేరుని రోగులే కొట్లాడి తెచ్చుకున్నారు. బజారు కూడా వూరుకోలేదు. 1955లో మిల్టౌన్, 1963లో వేలియం అమ్మినట్టే, 1999లో ఒక పాత మందుకి సోషల్ ఆంగ్జయిటీ పేరుతో అనుమతి తెచ్చి ప్రచారంతో హోరెత్తించారు. బిడియాన్ని రోగం చేశారన్న విమర్శ అందుకే వచ్చింది. ఆ విమర్శలో పస వుంది. అయితే అమ్మేవాడు అబద్ధమాడినంత మాత్రాన బాధపడేవాడి బాధ అబద్ధమైపోదు.

బిడియానికీ రోగానికీ గీత యెక్కడన్నది బడిపంతులికి రోజూ యెదురయ్యే ప్రశ్న. పరీక్ష వుదయాన కడుపునొప్పితో వచ్చే పిల్లలు నాకు యేటా తగులుతారు. ప్రశ్నపత్రం చేతికొచ్చాక సగంమందికి నొప్పి గుర్తుండదు. లేపి చదవమంటారేమోనన్న భయంతో నెలల తరబడి బడివైపు రాని పిల్లవాడి సంగతి అది కాదు. యిప్పటి నియమాలు కూడా యీ తేడానే పట్టుకుంటాయి. భయం చాలాకాలం, తరచుగా ఆరు నెలలు, నిలిచిందా? దానివల్ల మనిషి దేన్ని తప్పించుకుని తిరుగుతున్నాడు? చదువూ పనీ సంబంధాలూ దెబ్బతిన్నాయా? థైరాయిడ్, గుండెజబ్బు, తాగుడు, వాడే మందులు కారణం కాదని తేలిందా? గీతలు స్థిరమూ కావు. 2013 కూర్పులో ట్రామా రుగ్మతనీ, చేతులు కడిగిందే కడిగే అబ్సెసివ్ రుగ్మతనీ ఆందోళన అధ్యాయం నుంచి బయటికి పంపారు.

పాత్రకి మందుచీటీ రాయటం విమర్శ కాదని నాకు తెలుసు. కాని ఆ ప్రశ్నలు మనవే. తనకన్న బలమైనవాడి యెదుట కుంచించుకుపోయే సుబ్బయ్య భయానికి యెప్పుడూ ఒక మనిషి ముఖం వుంటుంది. 'అంపశయ్య' రవిది పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఒక ఆలోచన మరొకదాన్ని తరిమే స్థితి. సీతారామారావుది భయమేనా అన్నదే సందేహం. ఆయన్ని తినేసింది బెదురుకన్నా విరక్తి. ముగ్గురూ మధ్యతరగతివాళ్ళే. ముగ్గురికీ నిద్ర చెడినా, చెడిన వేళలు వేరు.