పక్క మైకులో దాగిన రాత్రి

1956 జులై 7, శనివారం. అమెరికా ఈశాన్య తీరాన రోడ్ ఐలండ్ రాష్ట్రంలో న్యూపోర్ట్ అనే ఊరు. ఫ్రీబాడీ పార్కులో జాజ్ ఉత్సవానికి అదే ఆఖరి రాత్రి. పన్నెండు కావస్తోంది. జనంలో కొందరు అప్పటికే కుర్చీలు వదిలి గేటు దారి పట్టారు.

స్టేజీ వెనక జాజ్ బ్యాండు నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ మూడు గంటలుగా కాచుకుని ఉన్నాడు. ఎనిమిదిన్నరకే ఒకసారి స్టేజీ ఎక్కాడు గాని, బ్యాండులో నలుగురు వేళకు రాలేదు. ఒకటి రెండు పాటలు వాయించి దిగాల్సి వచ్చింది. ఆయనకు అప్పుడు 57 ఏళ్ళు. పెద్ద బ్యాండ్ల రోజులు చెల్లిపోయాయనీ, ఎలింగ్టన్ పనీ అయిపోయిందనీ అనుకుంటున్న కాలం అది.

రెండోసారి ఎక్కాక, ఆ ఉత్సవం కోసమే కట్టిన కొత్త స్వరరచన ముందు వాయించారు. సాధన చాలలేదు, అంతంతమాత్రంగా నడిచింది. అప్పుడాయన 1937 నాటి పాత రచన ఒకటి తీశాడు. ‘డిమినుయెండో అండ్ క్రెసెండో ఇన్ బ్లూ’ దాని పేరు. రెండు భాగాలు. మధ్యలో ఉన్న ఖాళీని నింపే పని పాల్ గోన్సాల్వెస్ అనే శాక్సఫోన్ వాద్యకారుడిది. ఎంతసేపైనా వాయించుకో అని ఎలింగ్టన్ ముందే చెప్పి ఉంచాడు.

గోన్సాల్వెస్ లేచి ముందుకొచ్చాడు. మన పద్యనాటకంలో నటుడు పద్యం చివర రాగం అందుకుంటే హార్మోనిస్టు మెట్ల మీద వేళ్ళు ఆనించి అతనికి దారి వదిలినట్టు, బ్యాండు మొత్తం వెనక్కి తగ్గింది. బాస్, డ్రమ్ము, అక్కడక్కడ ఎలింగ్టన్ పియానో. పన్నెండు కొలతల బ్లూస్ ఆవృత్తం ఒకటి అయింది, రెండు అయ్యాయి, పది దాటాయి. స్టేజీ అంచున జో జోన్స్ అనే పేరుమోసిన డ్రమ్మర్, అది తన కచేరీ కాకపోయినా, చుట్టిన న్యూస్‌పేపరుతో తాళం కొడుతున్నాడు. ముందు వరసల్లో నల్ల గౌను వేసుకున్న ఒకావిడ లేచి నాట్యం మొదలుపెట్టింది. ఆమెను చూడ్డానికి జనం కుర్చీలెక్కారు. గేటు దాకా వెళ్ళినవాళ్ళు వెనక్కి పరుగెత్తుకొచ్చారు. గోన్సాల్వెస్ ఆపలేదు. ఇరవై ఏడు ఆవృత్తాలు! మన వాళ్ళయితే ‘వన్స్ మోర్’ అని పందిరి లేపేసే ఘట్టం. అల్లరి అవుతుందేమోనని నిర్వాహకుడు జార్జ్ వీన్ ఆపమని సైగ చేస్తే, ఎలింగ్టన్ వేలు చూపించి ఆయన్నే వారించాడు.

ఆ ఆగస్టులో ‘టైమ్’ పత్రిక ముఖచిత్రం ఎలింగ్టన్‌దే. తాను పుట్టింది న్యూపోర్ట్‌లో ఆ రాత్రేనని ఆయన ఆ తర్వాత చెప్పుకునేవాడు.

ఇక టేపు సంగతి. స్టేజీ మీద రెండు జట్ల మైకులున్నాయి. ఒకటి కొలంబియా రికార్డు కంపెనీది. రెండోది వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోది. ఆ రేడియో ప్రసారాలు విదేశాల శ్రోతల కోసం. గోన్సాల్వెస్ ఏ మైకు ఎవరిదో చూసుకోలేదు. తిన్నగా వెళ్ళి రేడియో వాళ్ళ మైకు ముందు నిలబడి వాయించాడు. దాంతో కొలంబియా టేపులో చప్పట్లు, కేకలు, డ్రమ్ము అన్నీ బాగానే పడ్డాయి గాని, వాటన్నిటికీ కారణమైన శాక్సఫోన్ మాత్రం పక్క వీధిలోంచి వస్తున్నట్టు వినపడింది.

కొలంబియా తరఫున రికార్డు తయారుచేయాల్సిన జార్జ్ అవకియన్ చేతిలో ఉన్నది ఆ ఒక్క టేపే. సరిగ్గా కుదరని కొత్త రచనను సోమవారం నాడు స్టూడియోలో మళ్ళీ వాయింపించాడు. దానికి వెనక చప్పట్లు కలిపాడు. గోన్సాల్వెస్ వాద్యాన్ని మాత్రం మళ్ళీ వాయింపించలేదు, దూరంగా వినపడేదాన్ని అలాగే ఉంచాడు. ఆ విచక్షణకు నేను చేతులెత్తి మొక్కుతాను. ఆ రికార్డు ఎలింగ్టన్ రికార్డులన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయింది. నలభై ఏళ్ళు లోకం విన్నది సగం ఉత్సవాన్ని, సగం స్టూడియోనీ.

1974 మే 15న గోన్సాల్వెస్ లండన్‌లో పోయాడు. తొమ్మిది రోజులకు, మే 24న, ఎలింగ్టన్ న్యూయార్క్‌లో కన్నుమూశాడు. ఆ రాత్రిని దగ్గరగా విన్న మైకు ఏం దాచుకుందో ఇద్దరూ వినలేదు.

1996లో ఆ రేడియో టేపు బయటపడింది. ఫిల్ షాప్ అనే జాజ్ చరిత్రకారుడు పట్టుకుని కూర్చున్నాడు. రెండు టేపులూ మోనోవే. కానీ ఒకే రాత్రిని ఒకే స్టేజీ మీద రెండు వేరు వేరు చోట్ల నుంచి విన్న టేపులు. ఒకదాన్ని ఎడమ చెవికి, రెండోదాన్ని కుడి చెవికి ఇస్తే స్టీరియో అవుతుంది! చెప్పడానికి ఇంత సులువు గాని, రెండు టేపు మిషన్లు అచ్చంగా ఒకే వేగంతో ఎప్పుడూ తిరగవు. తల కలిపి వదిలితే కాసేపటికే ఒకటి ముందుకు పోతుంది, చప్పట్లు రెండేసి వినపడతాయి. అందుకని కంప్యూటరు మీద ముక్క ముక్కగా వేగం సరిచేస్తూ రెంటినీ కుట్టుకుంటూ పోవాలి. 1999లో, ఎలింగ్టన్ శతజయంతి ఏడాది, పూర్తి కచేరీ రెండు సీడీలుగా వచ్చింది. స్టూడియో ముక్కలనూ తీసిపారేయలేదు. ఏది ఉత్సవంలోదో, ఏది సోమవారంనాటిదో తెలిసేలా వేరుగా పెట్టారు.

ఈ గాథ అద్దంకి వాళ్ళకు చెప్పాలని నాకెందుకు అనిపించిందంటే, ఖాళీలు పూరించడం ఈ ఊరికి తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలేశాడు. తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. ఇక్కడ అద్దంకిలో, ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న మన ఎర్రన ఆ మిగతా భాగం నింపి, దాన్ని నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే అంకితంగా నడిపాడు. అతుకు కనపడనివ్వలేదు. ఎర్రన అలా చేయడం ధర్మమే. నన్నయ రాయని పద్యాన్ని ఎవరూ వెతికి తేలేరు.

పాడిన పద్యం సంగతి వేరు. అది ఒకసారి గాలిలోకి వచ్చింది. ఏదో ఒక మైకు విని ఉండొచ్చు. ఇవాళ టేపులో చెడిపోయిన చోట తానే స్వరం ఊహించి నింపే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. పాతవాళ్ళ పద్యాలను వాటికి అప్పగించాలని తొందరపడేవాళ్ళను చూస్తే నాకు దిగులేస్తుంది. ముందు రెండో టేపు కోసం వెతకాలి.

మన దగ్గర రెండో టేపు ఉండే అవకాశం తక్కువేం కాదు. శింగరకొండలో ఫాల్గుణ పౌర్ణమి తిరనాళ్ళంటే విద్యుత్ ప్రభలు, వాటి ముందు రాత్రంతా కార్యక్రమాలు. క్యాసెట్ల కాలంలో అలాంటి చోట్ల మైకుసెట్టు యాంప్లిఫయర్ నుంచి వైరు లాగి టేపు చేసుకున్నవాళ్ళున్నారు. చాప మీద కూర్చుని, ఒళ్ళో టేపురికార్డరు పెట్టుకుని బటన్ నొక్కినవాళ్ళూ ఉన్నారు. మొదటిదాంట్లో నటుడి గొంతు స్పష్టంగా ఉంటుంది, జనం ఉండరు. రెండోదాంట్లో జనం, ఈలలు, హార్మోనియం ఉంటాయి, గొంతు హారన్‌లోంచి పగిలి వస్తుంది. న్యూపోర్ట్‌లో జరిగింది ఇదే గదా!

నాదస్వరానికైతే వెతుకులాట ఇంకా దూరం పోవాలి. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్న షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో సంగీత కళానిధి అయ్యారు, మరుసటేడే పోయారు. ఆయన సన్నాయి రెండు రాష్ట్రాల ఉత్సవాల్లో మోగింది. అక్కడ పందిట్లో కూర్చున్న వాళ్ళ ఇళ్ళలో ఏముందో అడగాలి.

దొరికితే ఏం చేయాలన్నది కూడా చెప్పుకోవాలి. బూజు పట్టిన క్యాసెట్‌ను పాత టేపురికార్డరులో పెట్టి ‘ఏముందో చూద్దాం’ అని నొక్కకూడదు. ఆ బూజు హెడ్డుకు అంటుతుంది, అక్కణ్ణుంచి తర్వాతి క్యాసెట్‌కూ పాకుతుంది, ఒక్కోసారి టేపు చుట్టుకుని తెగుతుంది. శుభ్రం చేశాక, హెడ్డు పక్కనుండే చిన్న స్క్రూని ఆ క్యాసెట్‌కు తగ్గట్టు తిప్పితే మూసుకుపోయిన గొంతు తెరుచుకుంటుంది. ఎంత సాఫ్ట్‌వేరు వాడినా ఆ స్క్రూ చేసే మేలు తర్వాత రాదు. శ్రుతి తేడాగా ఉందంటే మోటారు వేగం తేడా అయి ఉండొచ్చు. దానికి మన కరెంటే సాక్ష్యం. మైకుసెట్టు టేపుల్లో అడుగున ‘గుయ్’మనే మోత చాలా వాటిలో వినపడుతుంది. అది 50 సైకిళ్ళ కరెంటుది. లైను ఫ్రీక్వెన్సీ కొంచెం అటూ ఇటూ ఊగేదే అయినా, టేపులో ఆ మోత 52 దగ్గర ఉందంటే పాట పరుగెడుతోందని దాదాపు తేల్చుకోవచ్చు. అందుకే ఆ మోతను చెత్త అని ముందే తుడిచేయకూడదు.

పదిమందికీ పంచే ముందు కళాకారుల కుటుంబాలను అడగడం మర్యాదే కాదు, చట్టం కూడా. మన కాపీరైటు చట్టంలో ప్రదర్శన ఇచ్చినవాళ్ళ హక్కు 50 ఏళ్ళు. అడిగితే చాలా ఇళ్ళలో సంతోషంగా ఒప్పుకుంటారు, అటక మీద ఇంకో డబ్బా కూడా చూపిస్తారు. అలా పంచేటప్పుడు రెండు టేపులనూ కలిపి బాగుచేసిన పద్యం ఒక్కటే పెట్టకండి. కలపక ముందటి రెండు ఫైళ్ళూ, ఏది ఎవరింటి టేపో, ఏ ఏడాది ఏ ప్రభ ముందు పాడినదో రాసి, పక్కనే ఉంచండి. మూడో టేపు ఎప్పుడైనా దొరికితే పని మళ్ళీ వాటి నుంచే మొదలుపెట్టాలి.