గరిడీ నుంచి దృఢత్వ పరీక్ష దాకా: చిక్కబళ్ళాపురం సీమలో బడి వ్యాయామం

శారీరక దృఢత్వం ఒకే గుణం కాదు, వేర్వేరు గుణాల కూడిక. దమ్ము ఒకటి, బలం ఒకటి, ఒళ్ళు వంగే తీరు ఇంకొకటి. ఈ అవగాహన బడి చదువులోకి 20వ శతాబ్దం మధ్యలో వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నడిచే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలు 2007 దాకా కోలారు జిల్లాలోనివి. పాత మైసూరు సంస్థానంలో భాగమైన ఈ సీమలో వ్యాయామ విద్య గరిడీ (కుస్తీ, కసరత్తుల శాల), డ్రిల్లు, క్రీడా పరీక్షలు అనే దశలు దాటి నేటి రూపానికి చేరింది.

పూర్వం దేహశ్రమకు ప్రత్యేకంగా వేళ ఉండేది కాదు. బావి నీళ్ళు తోడడం, రాగులు విసరడం, మూటలు మోయడం కండరాలకు బలాన్నీ ఓర్పునూ ఇచ్చేవి. కోరి కసరత్తు చేసే యువకులకు గరిడీ ఉండేది. దండీలు, బస్కీలు తీయడం, కరెలాలు తిప్పడం, గుండ్లు ఎత్తడం, కుస్తీ పట్టడం అక్కడి సాధన. పిల్లల ఆటలదీ అదే దారి. చెడుగుడు దమ్మునూ చురుకుదనాన్నీ పెంచేది. కుంటాట నిలకడ నేర్పేది. గోలీలాటలో కన్నూ చెయ్యీ కలిసి పనిచేసేవి. గుణాలకు పేర్లు లేకపోయినా సాధన ఉండేది.

బళ్ళలోకి వ్యాయామం డ్రిల్లు రూపంలో వచ్చింది. దేశీయ ఆటలు, జిమ్నాస్టిక్స్, డ్రిల్లు ద్వారా విద్యార్థుల దేహాభివృద్ధిని ప్రోత్సహించాలని 1882 నాటి హంటర్ కమిషన్ సిఫారసు చేసింది. చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో పుట్టి, ఆ పట్టణంలోనే తొలి చదువు చదివిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1912లో మైసూరు దివాన్ అయ్యారు. మరుసటి ఏడాది సంస్థానంలో ప్రాథమిక విద్యా శాసనం వచ్చి, నిర్బంధ విద్యకు బాట వేసింది. బడికి వచ్చే పిల్లలు పెరిగితే వారి ఆరోగ్యం ప్రభుత్వ బాధ్యత అవుతుంది. అయితే అందుకు బడిలో ఉన్న డ్రిల్లు సైన్యం నుంచి వచ్చిన పద్ధతి. వరుస తప్పకపోవడం, ఆజ్ఞకు ఒక్కసారిగా కదలడం అందులో ముఖ్యం. ఏ పిల్లవాడి గుండె ఎంత గట్టిదో, ఏ పిల్ల నడుము ఎంత వంగుతుందో డ్రిల్లు చెప్పలేదు.

1920, 30లలో దేహ సాధన కొత్త ఊపు అందుకుంది. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల స్థాపించడంతో వ్యాయామోపాధ్యాయులకు శాస్త్రీయ శిక్షణ మొదలైంది. కోలారు జిల్లా దేవరాయసముద్రంలో పుట్టిన కె.వి. అయ్యర్ బెంగళూరులో వ్యాయామశాల నడిపి, బరువులెత్తే కసరత్తునూ సూర్యనమస్కారాలనూ కలిపి నేర్పారు. మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో 1933 నుంచి తిరుమలై కృష్ణమాచార్య యోగశాల నడిపారు. బలంతో పాటు ఒళ్ళు వంగడమూ ఊపిరీ ముఖ్యమేనన్న భావన ఈ సంస్థానంలోనే ఇలా బలపడింది.

కొలతల యుగం అమెరికాలో మొదలైంది. 1950లలో క్రాస్, వెబర్ రూపొందించిన కండర పరీక్షల్లో అక్కడి పిల్లల్లో సగానికి పైగా కనీస కండర సామర్థ్యం చూపలేకపోయారు. యూరప్ పిల్లలు చాలా మెరుగ్గా నిలిచారు. ఈ కలవరంతో 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ యువజన దృఢత్వ మండలిని ఏర్పరిచారు. 1958లో పరుగు, గెంతు, బంతి విసురు వంటి 7 అంశాల పరీక్ష వచ్చింది. భారత ప్రభుత్వం 1959–60లో ఇలాంటి పరీక్షలతోనే జాతీయ శారీరక దక్షతా ఉద్యమాన్ని ప్రారంభించింది. ఈ పరీక్షలు ఎక్కువగా ఆటగాడి నైపుణ్యాన్నే కొలిచేవి. 1968లో కెన్నెత్ కూపర్ ఏరోబిక్స్ పుస్తకం గుండె ఓర్పు వైపు దృష్టి మళ్ళించింది. 1980లో అమెరికాలో ఆరోగ్య సంబంధ పరీక్ష విడిగా రూపొందింది.

నేటి పాఠ్యపుస్తకాల్లోని రెండు వర్గాలు ఆ చరిత్ర ఫలితమే. ఆరోగ్య సంబంధ గుణాలు 5: గుండె–ఊపిరితిత్తుల ఓర్పు; కండర బలం; కండర ఓర్పు; వంగే గుణం; శరీరంలో కొవ్వు, కండ, ఎముకల పాళ్ళు. నైపుణ్య సంబంధ గుణాలు 6: చురుకుదనం, నిలకడ, సమన్వయం, విసురు శక్తి, ప్రతిస్పందన వేగం, పరుగు వేగం. ఒక గుణం పెరిగితే మిగతావి వాటంతట అవే పెరగవు. రోజూ పరుగెత్తే పిల్లవాడి గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపడం నేర్చుకుంటుంది. అతని వేళ్ళు కాలి వేళ్ళకు అందాలంటే మాత్రం విడిగా సాగదీత కావాలి. బరువు ఒక్కసారి ఎత్తగలగడం బలం, అదే పని అలుపు లేకుండా పదేపదే చేయడం కండర ఓర్పు. బలమూ వేగమూ కలిసినప్పుడే విసురు శక్తి పుడుతుంది. అందుకే ఏ గుణానికి ఆ గుణానికి తగిన కసరత్తు కావాలి. భారాన్ని కొద్దికొద్దిగా పెంచాలి, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి.

2019 ఆగస్టు 29న ఫిట్ ఇండియా ఉద్యమం మొదలైంది. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియా కింది బడి పరీక్షల్లో చిన్న తరగతులకు ఒంటికాలి నిలకడ, రెండు బిళ్ళలను చేత్తో మార్చిమార్చి తట్టడం ఉన్నాయి. పెద్ద తరగతులకు 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, కూర్చుని ముందుకు వంగడం, పొట్ట కండరాల కసరత్తు, పుషప్‌లు ఉన్నాయి. అందరికీ ఎత్తు, బరువుల నిష్పత్తి చూస్తారు. ఎదిగే పిల్లల్లో ఈ నిష్పత్తిని వయసును, ఆడా మగా తేడాను బట్టి అర్థం చేసుకోవాలి. 5 నుంచి 17 ఏళ్ళ వారికి రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కొలతల విలువ గెలిచినవారిని ఏరడంలో లేదు. నిరుటి కొలతతో ఈ ఏటి కొలతను పోల్చి, ప్రతి పిల్లవాడికీ ప్రతి పిల్లకూ ఏ గుణం తక్కువగా ఉందో చూసి సరిదిద్దడంలో ఉంది. బడి వ్యాయామ తరగతి ఆ పనికే ఉపయోగపడాలి.