చిన్న పిస్తోలు చెప్పిన సాక్ష్యం

అరచేతిలో ఇమిడే ఆయుధం ఒకటి వాషింగ్టన్ నగరంలోని ఫోర్డ్ నాటకశాల ప్రదర్శనశాలలో ఉన్నది. దాని పొడవు సుమారు 6 అంగుళాలు. 1865 ఏప్రిల్ 14 రాత్రి జాన్ విల్క్స్ బూత్ అనే నటుడు అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌ను కాల్చినది దీనితోనే. మరునాటి ఉదయం లింకన్ మరణించెను. బూత్ జారవిడిచిన పిస్తోలు ఆ నాటకశాలలో, లింకన్ కూర్చున్న గదిలోనే దొరికినది.

దీనిని చేసినవాడు ఫిలడెల్ఫియాకు చెందిన హెన్రీ డెరింజర్. తరువాత అతని పేరే జేబు పిస్తోళ్లన్నిటికి జాతిపేరైనది. ఇంత చిన్న ఆయుధం ఎట్లు సాధ్యమైనది? పూర్వపు తుపాకులలో చెకుముకిరాయి ఉక్కును రాచుకొని నిప్పురవ్వలు రాల్చవలసియుండెను. వానకు మందు తడిసినచో తుపాకి పేలదు. 1800లో హోవర్డ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పాదరసపు ఫల్మినేటును వర్ణించెను. ఇది దెబ్బ తగిలినంతనే పేలును. ఇట్టి పదార్థాలను తుపాకికి వాడే పద్ధతికి ఫోర్సైత్ 1807లో పేటెంటు పొందెను. తరువాత దానిని చిన్న రాగి టోపీలలో నింపసాగిరి. మీట నొక్కగానే సుత్తి టోపీపై పడును, నిప్పు సన్నని రంధ్రం గుండా పోయి గొట్టంలోని మందును అంటించును, గుండు వెడలును. అయితే ఒక్క గుండే. మరల కాల్చవలెనన్న మందు, గుండు గొట్టం మూతి నుండి కూరవలెను. అందుచేతనే బూత్ పిస్తోలును వదలి కత్తి దూసెను.

ఈ పిస్తోలు 1960 దశకంలో దొంగిలించబడినదనీ, దాని స్థానంలో నకలు ఉంచబడినదనీ ఒక వదంతి పుట్టినది. అది నిజమైనచో ప్రజలు చూచుచున్నది చరిత్ర కాదు, బొమ్మ మాత్రమే. 1997లో అమెరికా కేంద్ర నేరపరిశోధన సంస్థ ప్రయోగశాల ఈ సంగతి తేల్చినది. నిపుణులు 1930 దశకపు ఛాయాచిత్రాలతో పిస్తోలును సరిపోల్చిరి. కొయ్యలోని సుడి, దానిలోని పగులు, లోహంపై గుంటలు అన్నియు సరిపోయినవి.

కుశలుడైన పనివాడు ఆకారాన్ని అనుకరింపగలడు. చెట్టులో పెరిగిన సుడిని, కాలం తొలిచిన గుంటలను యథాతథంగా అనుకరించుట అతనికి దుస్సాధ్యం. కావున పురాతన వస్తువులకు నాడే స్పష్టమైన ఛాయాచిత్రాలు తీసి భద్రపరచుట ప్రతి ప్రదర్శనశాలకు అవసరం.