ఏనుగుకు మంచి ఆవరణ ఎలా ఉండాలి? దిల్లీ జూలో శంకర్ జీవితం చెప్పే పాఠాలు

సరోజినీ నగర్ (న్యూదిల్లీ): హైదరాబాదులో జన్మించిన సరోజినీ నాయుడి పేరుతో వెలసిన ఈ కాలనీ నుంచి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, పురానా ఖిల్లా గోడల పక్కన జాతీయ జంతు ప్రదర్శనశాల ఉన్నది. రాజధానిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవు దినాల్లో పిల్లలను తీసుకువెళ్లే చోట్లలో అది ఒకటి. పిల్లలు మొదట అడిగేది పులిని, ఆ తరువాత ఏనుగును. ఆ ప్రదర్శనశాలలో ఏకైక ఆఫ్రికా ఏనుగుగా ఏళ్ల తరబడి జీవించిన శంకర్ 2025 సెప్టెంబరు 17న మరణించింది. దాని వయస్సు 29 సంవత్సరాలు. ఆఫ్రికా ఏనుగులు అడవిలో 60 ఏళ్లకు పైగా జీవించగలవు.

శంకర్ 1998లో జింబాబ్వే నుంచి దౌత్య కానుకగా వచ్చిన రెండు గున్నలలో ఒకటి. మాజీ రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మకు అందిన కానుక కాబట్టి ఆయన పేరే పెట్టారు. జతగా వచ్చిన ఆడ గున్న కొన్నేళ్లకే మరణించింది. ఆ తరువాత ప్రదర్శనశాలలోని ఆసియా ఏనుగులతో కలిపే ప్రయత్నం జరిగినా అది పొసగలేదు. మిగిలిన జీవితాన్ని అది ఒంటరిగానే గడిపింది. దానిని తోటి ఏనుగులున్న చోటికి తరలించాలని కోరుతూ 2021లో దిల్లీ హైకోర్టులో పిటిషన్ దాఖలైంది. 2024 అక్టోబరులో ప్రపంచ జంతు ప్రదర్శనశాలలు, అక్వేరియంల సంఘం శంకర్ సంరక్షణపై ఆందోళనలను ప్రస్తావిస్తూ దిల్లీ జూ సభ్యత్వాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. ఆ నెలలోనే శంకర్ కాళ్ల గొలుసులు తొలగించారు.

ఒక్క జంతువు కథ ఇంతగా చర్చనీయాంశం కావడానికి కారణం, ఏనుగు ఆవరణ ఎలా ఉండాలన్న ప్రశ్నకు సంబంధించిన అంశాలన్నీ ఇందులో ఉండటమే.

కందకాల కాలం

దిల్లీ జూ రూపకల్పనకు ఒక చరిత్ర ఉన్నది. జర్మనీలోని హాంబర్గ్ శివారులో కార్ల్ హేగెన్‌బెక్ 1907లో ప్రారంభించిన జంతువనం ప్రపంచ జంతు ప్రదర్శనశాలల రూపురేఖలను మార్చింది. ఇనుప ఊచల బోనులను తొలగించి, సందర్శకుడికీ జంతువుకూ మధ్య కంటికి కనబడని కందకాన్ని తవ్వడం ఆయన పద్ధతి. స్వతంత్ర భారతదేశం రాజధానిలో జూ నిర్మించదలచినప్పుడు తొలుత సిలోన్ జంతు ప్రదర్శనశాలకు చెందిన మేజర్ ఆబ్రే వైన్‌మన్ సహాయం తీసుకున్నది. ఆ తరువాత ఆ బాధ్యత హేగెన్‌బెక్ కుటుంబానికి చెందిన నిపుణుడికే దక్కింది. 1956 మార్చిలో ఆయన సమర్పించిన ప్రాథమిక ప్రణాళిక కందకాలతో కూడిన ఆవరణలనే సిఫారసు చేసింది. స్థానిక పరిస్థితులకు తగినట్లు మార్పులు చేసి ఆ ఏడాది డిసెంబరులో కేంద్రం ఆమోదించింది. 1959 నవంబరు 1న జూ ప్రారంభమైంది. 1982లో జాతీయ జంతు ప్రదర్శనశాల అన్న పేరు వచ్చింది. విస్తీర్ణం 176 ఎకరాలు.

కందకం చూసేవారి కంటికి గొప్ప మార్పు. ఊచలు లేని చోట జంతువు స్వేచ్ఛగా ఉన్నట్లు తోస్తుంది. అయితే ఆ స్వేచ్ఛ చూపరికి కలిగే అనుభూతి మాత్రమే, జంతువు అనుభవం కాకపోవచ్చు. ఏనుగు ఎగరలేదు, దూకలేదు. నిటారు గోడల పొడి కందకం దానిని ఆపగలదు గానీ, పొరపాటున అందులో పడితే దానిని పైకి తీయడం ప్రాణాంతకమైన పని. పైగా కందకం ఆక్రమించే స్థలం జంతువుకు ఉపయోగపడదు. అందుకే ఇటీవలి నమూనాలలో కందకానికి బదులు బలమైన ఉక్కు స్తంభాలు, తీగ తాళ్లు వాడి, వాటిని చెట్లతోనూ రాళ్లతోనూ మరుగుపరుస్తున్నారు.

అన్నిటికన్నా ముందు తోడు

ఏనుగు ఆవరణను అంచనా వేసేవారు సాధారణంగా మొదట విస్తీర్ణం అడుగుతారు. నిజానికి మొదట అడగవలసింది అందులో ఎన్ని ఏనుగులున్నాయని. ఆడ ఏనుగులు తల్లి, అక్కచెల్లెళ్లు, పిల్లలతో కూడిన మందలో పుట్టి, జీవితాంతం అందులోనే ఉంటాయి. మగవి యుక్తవయస్సులో, అంటే పది నుంచి పదిహేనేళ్ల నడుమ, మందను విడిచి వెళ్తాయి. అంతమాత్రాన అవి ఒంటరి జీవులు కావు. పెద్ద మగ ఏనుగుల వెంట తిరుగుతూ మర్యాద నేర్చుకుంటాయి.

ఆ మర్యాద నేర్పేవారు లేకపోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలోని పిలానెస్‌బర్గ్ పార్కులో తెలిసింది. క్రూగర్ పార్కులో పెద్ద ఏనుగులను సంహరించినప్పుడు అనాథలైన గున్నలను తెచ్చి అక్కడ విడిచారు. పెరిగాక, 1990లలో వాటిలోని మగవి కొన్ని అకాలంగా మదమెక్కి, ఖడ్గమృగాలను చంపసాగాయి. 1998లో క్రూగర్ నుంచి ఆరు పెద్ద మగ ఏనుగులను తెచ్చి వదిలిన తరువాత ఆ దాడులు ఆగిపోయాయి. శంకర్ దిల్లీకి వచ్చింది సరిగ్గా అదే ఏడాది. అప్పటికి దాని వయస్సు రెండేళ్లు దాటింది. దాని ముందు ఏ పెద్ద ఏనుగూ లేదు.

అమెరికా జంతు ప్రదర్శనశాలల సంఘం 2011 ప్రమాణాలలో కనీసం మూడు ఆడ ఏనుగులు, లేదా రెండు మగవి, లేదా మిశ్రమంగా మూడు ఉండాలని నిర్దేశించింది. మన దేశంలోనూ నియమం లేకపోలేదు. 2009 జూ గుర్తింపు నియమాల ప్రకారం తగిన కారణం లేకుండా ఏ జంతువునూ ఏడాదికి మించి జత లేకుండా ఉంచరాదు. ఆఫ్రికా ఏనుగుకు జతను తేవాలంటే మరొక దేశం నుంచి తేవాలి. అంతర్జాతీయ అనుమతులు, రవాణా, తెచ్చిన తరువాత రెండూ కలుస్తాయో లేదో తెలియని స్థితి. ఆసియా ఏనుగుతో కలపడం సులువుగా కనిపిస్తుంది గానీ అవి వేర్వేరు ప్రజాతులు. ఒకదానిలో నిద్రాణంగా ఉండే హెర్పిస్ వైరస్ మరొకదానికి ప్రమాదకరం కావచ్చు. కాబట్టి జతను భరించలేని ప్రదర్శనశాల ఆ జాతిని తీసుకోకపోవడమే సరైన నిర్ణయం. కానుకగా వచ్చే జంతువుల విషయంలో ఈ ప్రశ్న అడిగే ఆచారం మాత్రం ఏ దేశంలోనూ పెద్దగా కనిపించదు.

పాదాల కింద నేల

బందీ ఏనుగులను బలిగొనే జబ్బులలో పాదాల వ్యాధులు, కీళ్ల వాపు ముఖ్యమైనవి. నాలుగైదు టన్నుల బరువు రోజంతా కాంక్రీటుపై నిలిస్తే గోళ్లు చీలతాయి, అరికాళ్లలో పుండ్లు పడతాయి, కీళ్లు అరుగుతాయి. తడి, మూత్రం కలిసిన గచ్చు మరింత చెరుపు. కడగడానికి సులువని కాంక్రీటు వేస్తారు. ఆ సౌకర్యం సిబ్బందిది, మూల్యం ఏనుగుది.

ఐర్లాండులోని డబ్లిన్ జూ 2007లో ప్రారంభించిన ఆసియా ఏనుగుల ఆవరణకు మన అస్సాంలోని కాజీరంగా పేరు పెట్టుకున్నది. లోపలి గదిలో సైతం లోతైన ఇసుక పరిచారు. ఇసుకలో ఏనుగు పడుకోగలదు, లేవగలదు, తొండంతో తవ్వి ఒంటిపై జల్లుకోగలదు. గట్టి నేలపై పడుకోవడానికి అవి వెనుకాడతాయి. నిలుచునే నిద్రపోయే ఏనుగును చూసి అది దాని స్వభావమనుకోవడం పొరపాటు. సురక్షితమని నమ్మిన చోట అవి పక్కకు ఒరిగి పడుకుంటాయి, ముఖ్యంగా రాత్రివేళ.

స్విట్జర్లాండులోని జ్యూరిక్ జూ 2014లో తెరిచిన ఏనుగుల ఆవరణ 11 వేల చదరపు మీటర్ల విస్తీర్ణం కలది. విశాలమైన చెక్క కప్పు, ఈదగలిగినంత లోతైన కొలను దాని ప్రత్యేకతలు. చలిదేశం కాబట్టి అంత కప్పు అవసరమైంది. దిల్లీలో సమస్య రెండు వైపులా ఉన్నది. మే, జూన్ నెలలలో 45 డిగ్రీల ఎండ, జనవరి రాత్రులలో వణికించే చలి. దట్టమైన నీడ, మునగగలిగే నీరు, బురద గుంట, దుమ్ము, ఒళ్లు రుద్దుకునే మొద్దు, చలికాలంలో గాలి తగలని గది. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా మిగిలినవి దాని లోటు తీర్చలేవు. ఇవన్నీ ఉన్నా ఒప్పుకోని సందర్భమూ ఉన్నది. అమెరికాలోని డెట్రాయిట్ జూ తమ శీతాకాలం ఏనుగులకు సరిపడదని తానే నిర్ణయించి, 2005లో తన రెండు ఏనుగులను కాలిఫోర్నియాలోని సంరక్షణ కేంద్రానికి పంపివేసింది.

పదహారు గంటల పని

అడవిలో ఏనుగు రోజుకు పదహారు గంటలకు పైగా మేత వెతుక్కుంటూ, నడుస్తూ గడుపుతుంది. వంద కిలోలకు మించి మేస్తుంది. అదే మేతను ప్రదర్శనశాలలో రెండు పూటలా కుప్పగా పోస్తే రెండు మూడు గంటల్లో పని ముగుస్తుంది. మిగిలిన సమయంలో చేసేదేమీ ఉండదు. ఆ ఖాళీలోంచే ఒకేచోట నిలిచి తల, ఒళ్లు అటూ ఇటూ ఊపే అలవాటు పుడుతుంది. మన ఊళ్లలో గుడి ముందు ఏనుగు తల ఊపుతుంటే ఆనందంగా నాట్యం చేస్తున్నదని చెప్పుకోవడం పరిపాటి. పశువైద్యులు దానిని బంధనం వల్ల కలిగే విపరీత ప్రవర్తనగా గుర్తిస్తారు.

మంచి ఆవరణలలో మేతను ఎత్తున వలలలో వేలాడదీస్తారు, గోడ రంధ్రాల వెనుక దాస్తారు, నిర్ణీత వేళల్లో తెరుచుకునే పెట్టెలలో పెడతారు. ఒక మూల గడ్డి, దూరంగా మరో మూల కొమ్మలు ఉంచితే ఏనుగు నడవక తప్పదు. రాత్రి పెట్టడం మరీ ముఖ్యం. జూ తలుపులు మూసిన తరువాతి సమయమే ఏనుగు రోజులో అధిక భాగం. సందర్శకుడు చూసే ఆవరణ ఎంత అందంగా ఉన్నా, సాయంత్రం కాగానే జంతువును ఇరుకు గదిలో గొలుసుతో కట్టివేస్తే ఆ ఆవరణకు విలువ తక్కువ. ఈ భాగం టికెట్ కొన్నవారికి కనబడదు.

కనబడనిది ఇంకొకటి ఉన్నది, శబ్దం. 1984లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ జూలో ఏనుగుల పక్కన నిలిచిన శాస్త్రవేత్త కేటీ పెయిన్‌కు గాలిలో ఒక కంపనం తట్టింది. రికార్డు చేసి పరిశీలిస్తే, మనిషి చెవికి అందని అతి తక్కువ పౌనఃపున్యంలో ఏనుగులు మాట్లాడుకుంటున్నాయని తేలింది. ఆ ధ్వనులు కిలోమీటర్ల దూరం వెళ్తాయి. జూలోనే తెలిసిన ఈ విషయం జూల నిర్మాణంలోకి మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. మథురా రోడ్డు వాహనాల రొద పక్కనే ఉన్న చోట దీని ప్రాధాన్యం వేరుగా చెప్పనక్కరలేదు.

మావటి, మదం, ఎలుకలు

మగ ఏనుగును పెంచదలచిన జూకు మరికొన్ని ఏర్పాట్లు తప్పనిసరి. మదకాలంలో వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల పాటు దాని దరిదాపులకు వెళ్లలేరు. విడి ప్రాంగణం, దూరం నుంచి నడిపే తలుపులు లేకపోతే సిబ్బందికి మిగిలే సాధనం గొలుసు ఒక్కటే. మన దేశంలో మావటి ఏనుగు పక్కనే నిలిచి, అంకుశంతో అదుపు చేసే సంప్రదాయం ఉన్నది. అమెరికా జంతు ప్రదర్శనశాలల సంఘం ఇప్పుడు తన సభ్య జూలలో బలమైన అడ్డు వెనుక నుంచే పని చేసే పద్ధతిని తప్పనిసరి చేసింది. తిండి ఆశ చూపి నేర్పితే, ఏనుగు తనంతట తానే పాదాన్ని కిటికీలోంచి చాచుతుంది, వైద్యుడు గోళ్లు శుభ్రపరుస్తాడు. దీనికి గోడ కట్టేటప్పుడే ఆ కిటికీ ఉంచాలి.

శంకర్ మరణానికి కారణంగా పరీక్షలలో తేలింది ఎన్సెఫలోమయోకార్డైటిస్ అనే వైరస్. గుండె కండరాన్ని దెబ్బతీసే ఈ సూక్ష్మజీవి ఎలుకల ద్వారా, అవి కలుషితం చేసిన మేత, నీటి ద్వారా వ్యాపిస్తుంది. 1993-94లో క్రూగర్ పార్కులో ఎలుకలు విపరీతంగా పెరిగినప్పుడు ఇదే వైరస్ పదుల సంఖ్యలో ఏనుగులను బలిగొన్నది. కొలనులు, చెట్ల గురించి మాట్లాడే నిపుణులు కూడా మేత గోదాము తలుపు కింది సందు గురించి తరచుగా మాట్లాడరు. కాని ఆవరణ రూపకల్పనలో అదీ భాగమే. గడ్డివాము ఎక్కడ నిల్వ ఉంటుంది, ధాన్యం పీపాలకు మూతలున్నాయా, మిగిలిన మేతను రాత్రికి తీసివేస్తున్నారా, ఎలుకల నియంత్రణ ఎంత తరచుగా జరుగుతున్నది అన్నవి తనిఖీ చేయవలసిన అంశాలు.

అసలు జూలో ఉండవచ్చునా?

కేంద్ర జూ ప్రాధికార సంస్థ 2009 నవంబరు 7న జారీ చేసిన ఉత్తర్వులో ఏనుగులను జూల నుంచి పునరావాస శిబిరాలకు, అభయారణ్యాలకు, పులుల సంరక్షణ కేంద్రాలకు తరలించాలని సూచించింది. నగరం నడుమ ఉన్న జూలు ఏనుగుకు కావలసిన స్థలాన్ని ఇవ్వలేవన్నది దాని సారాంశం. ఆ తరువాత కూడా పలు జూలలో ఏనుగులు కొనసాగాయి.

తెలుగు రాష్ట్రాలలో స్థలం దిల్లీ కంటే ఎక్కువే. 1963లో ప్రారంభమైన హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాల 380 ఎకరాలు, 1977లో తెరిచిన విశాఖపట్నం ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల 625 ఎకరాలు, తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 5,532 ఎకరాలు. చిత్తూరు జిల్లా పలమనేరు సమీపంలోని ముసలిమడుగు వద్ద ఏనుగుల శిబిరం ఏర్పడింది. పంటలపైకి వచ్చే అడవి ఏనుగులను మళ్లించే కుంకీ ఏనుగులను 2025లో కర్ణాటక నుంచి అక్కడికి తెచ్చారు. శిబిరంలోనూ బంధనం ఉన్నది గానీ, పక్కనే అడవి, తోటి ఏనుగులు, రోజూ నడక ఉన్నాయి.

జూకు వెళ్లే కుటుంబాలు ఏనుగు ఆవరణ ముందు కాసేపు ఆగితే చాలా విషయాలు గమనించవచ్చు. అది నిలిచినది ఇసుకపైనా, గచ్చుపైనా? తొండం అందే ఎత్తున మేత ఉన్నదా, లేక నేలపై కుప్పగా పోశారా? మధ్యాహ్నం రెండు గంటలకు నీడ ఎటువైపు పడుతున్నది? అది ఇంకో ఏనుగు వైపు తిరిగి ఉన్నదా, తలుపు వైపు తిరిగి ఉన్నదా? సాయంత్రం సిబ్బంది వచ్చే వేళకు తలుపు వైపు తిరిగి నిలబడటం సహజమే. ఉదయం నుంచీ అలాగే నిలబడి ఉంటే అది వేరే సంగతి.